మొటిమ కథలో అసలు విలన్ ఎవరు?

2015 మే 29న మలయాళంలో ‘ప్రేమమ్’ అనే చిత్రం విడుదలైంది. దర్శకుడు అల్ఫోన్స్ పుత్రెన్. అందులో మలర్ అనే కాలేజీ లెక్చరర్ పాత్రలో ఒక కొత్తమ్మాయి తెర మీదికి వచ్చింది. సాదా చీర, వదులుగా జారిన జుట్టు, బుగ్గల మీద ఎర్రెర్రని మొటిమలు! క్లోజప్‌లో సైతం వాటిని దాచే ప్రయత్నం జరగలేదు. హాల్లో కూర్చున్న కుర్రకారు మాత్రం మొటిమల్ని లెక్కపెట్టలేదు, మలర్‌నే చూశారు.

ఆ అమ్మాయే సాయిపల్లవి. రెండేళ్ళ తర్వాత, 2017లో, శేఖర్ కమ్ముల ‘ఫిదా’తో భానుమతిగా మన తెలుగువాళ్ళ మనసుల్లోకి దూసుకొచ్చేసింది. మొటిమల వల్ల తాను మొదట్లో బిడియపడేదాన్నని, ప్రేక్షకుల ఆదరణే తనకి ధైర్యాన్నిచ్చిందని ఆమె ఇంటర్వ్యూలలో దాపరికం లేకుండా చెప్పింది. ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటనలో నటించమంటే వద్దన్న సంగతి కూడా 2019లో బయటపెట్టింది. అన్నట్టు, ఈమె జార్జియా దేశంలోని ట్బిలిసిలో వైద్యవిద్య చదివిన డాక్టరమ్మ కూడాను!

సరే, తారల గురించి రాసే నాబోటి వాళ్ళని పాఠకులు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. “ఫలానా హీరోయిన్ మొహానికి ఏం రాస్తుందండీ?” అని. చెల్లాయిలూ, తమ్ముళ్ళూ! ఆ ప్రశ్నకి జవాబు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు. లైట్లు, లెన్సు, మేకప్, ఆ తర్వాత కంప్యూటర్‌లో దిద్దుబాటు... ఇన్ని దాటి వచ్చిన బుగ్గని చూసి అద్దంలోని మీ బుగ్గని తిట్టుకోవడం న్యాయం కాదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. మొటిమ ఎందుకు ఎర్రబడుతుంది? ఎందుకు ఉబ్బుతుంది, సలుపుతుంది, పోతూ పోతూ మచ్చ ఎందుకు వదిలిపోతుంది? ఇది తెలిస్తే ఏ ట్యూబు కొనాలో, మరీ ముఖ్యంగా ఏ ట్యూబు కొనకూడదో తెలుస్తుంది. అందుకే ఈ వారం తారల సంగతులు కాస్త పక్కన పెట్టి ఈ కథ చెబుతున్నాను.

పాత్రల పరిచయం

మన చర్మం మీద ప్రతి వెంట్రుకకీ మొదట్లో సన్నని గొట్టం లాంటిది ఒకటి ఉంటుంది. రోమకూపం అంటారు. దాన్ని అంటిపెట్టుకుని ఒక నూనె గ్రంథి. మొహం, ఛాతీ, వీపు మీద ఈ గ్రంథులు పెద్దవి, ఎక్కువ కూడాను. పన్నెండు, పదమూడేళ్ళ వయసు రాగానే ఒంట్లో ఆండ్రోజెన్ అనే హార్మోన్ల జోరు పెరుగుతుంది. అబ్బాయిల్లోనే కాదు, అమ్మాయిల్లో కూడా ఇవి ఉంటాయి. వాటి హుకుం మీద గ్రంథి నూనెని ఎక్కువగా వదులుతుంది. ఇది మొదటి పాత్ర.

రెండో పాత్ర బిరడా. గొట్టం లోపలి గోడ నుంచి పాత కణాలు రాలి, నూనెతో పాటు బయటికి పోవాలి. అలా పోకుండా ఒకదానికొకటి అతుక్కుని మూతి బిగిస్తే తెల్లని పొక్కు అవుతుంది. మూతి తెరుచుకుని ఉంటే అదే నల్లచుక్క. ఆ నలుపు మురికి కాదండోయ్! చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి మారిన నూనె కలిసి అలా కనిపిస్తాయి. కాబట్టి ఎంత తోమినా పోదు.

మూడో పాత్ర ఒక సూక్ష్మజీవి. క్యూటీబాక్టీరియం యాక్నెస్ అని పేరు. 2016 వరకు దీన్ని ప్రొపియోనిబాక్టీరియం యాక్నెస్ అనేవారు. సినిమాల్లోకి వచ్చి పేరు మార్చుకున్న నటుడిలాగే అన్నమాట! ఇది మొటిమలున్న వాళ్ళ మొహం మీదా ఉంటుంది, లేని వాళ్ళ మొహం మీదా ఉంటుంది. గాలి ఆడని, నూనె నిండిన గొట్టం దొరికితే దానికి పండగే.

ఇక నాలుగో పాత్ర. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. శోథ అనే తెలుగు మాట ఉంది గాని, అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. మన ఇళ్ళల్లో వాపు అంటాం, మంట అంటాం. సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం రోమ్‌లో సెల్సస్ అనే రచయిత దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. మీ గడ్డం మీద నిన్న రాత్రి లేచిన మొటిమని తాకి చూడండి, నాలుగూ ఉంటాయి!

ఇంతకీ ఈ మంట పెట్టేది ఎవరు? సూక్ష్మజీవి కాదు. మన ఒళ్ళే! సూక్ష్మజీవి అలికిడి తగలగానే చర్మంలోని కణాలు అలారం కొడతాయి. ఆ అలారాల్లో ఒకటైన టి.ఎల్.ఆర్-2 మొటిమల్లో ఎలా మోగుతుందో 2002లో పరిశోధకులు చూపించారు. అలారం మోగగానే రక్తనాళాలు వెడల్పవుతాయి (అదే ఎరుపు, వేడి), తెల్లకణాల దండు దిగుతుంది (అదే వాపు, చీము). ఒక్క దొంగని పట్టుకోవడానికి వచ్చిన పోలీసులు వీధి వీధంతా లాఠీచార్జి చేస్తే ఎలా ఉంటుంది? సరిగ్గా అలాగే. దొంగ చేసిన నష్టం కన్నా లాఠీ దెబ్బలే ఎక్కువ.

ఫ్లాష్‌బ్యాక్‌లో అసలు మలుపు

చాలా ఏళ్ళు వైద్య గ్రంథాల్లో ఈ కథ వరస ఇలా ఉండేది. ముందు నూనె, తర్వాత బిరడా, తర్వాత సూక్ష్మజీవి, ఆఖరి రీలులో మంట. అంటే క్లైమాక్స్ ఫైటులో మాత్రమే కనిపించే పాత్ర అది.

2003లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో పరిశోధకులు ఒక పని చేశారు. మొటిమలున్న వాళ్ళ చర్మంలోనే ఇంకా మొటిమ లేవని, చూడ్డానికి మామూలుగా ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షించారు. మొటిమలు లేని వాళ్ళ చర్మంతో పోల్చి చూస్తే, ఆ ‘మామూలు’ చర్మంలో అప్పటికే తెల్లకణాలు చేరి ఉన్నాయి. మంటని రాజేసే ఇంటర్‌ల్యూకిన్-1 అనే రసాయనం కూడా అక్కడ ఎక్కువగా ఉంది. బిరడా ఇంకా పడనే లేదు, మంట మాత్రం మొదలైంది!

అంటే టైటిల్స్ పడకముందే విలన్ తెర వెనుక ఉన్నాడన్నమాట. మొటిమ మొదలు కాకముందూ అతనే, ఎర్రబడినప్పుడూ అతనే, మానిన తర్వాత మచ్చ దగ్గరా అతనే.

ఈ మలుపు మనకెందుకంటారా? ఉంది, చాలా పెద్ద ఉపయోగం ఉంది. లేచిన మొటిమ మీద చుక్క మందు పెట్టి ఊరుకుంటే, పక్కన పైకి ఏమీ కనిపించకుండా రాజుకుంటున్న నాలుగు మొటిమల్ని వదిలేసినట్టే. అందుకే చర్మ వైద్యులు మొటిమలు వచ్చే మేరంతా మందు పల్చగా రాయమంటారు. మొహం బాగుపడినట్టు కనిపించగానే మానెయ్యవద్దనేది కూడా ఇందుకే.

‘వేడి చేసింది’ అంటే?

మన ఇళ్ళల్లో మొటిమ కనిపిస్తే చాలు, “ఒంట్లో వేడి చేసిందే, మజ్జిగ తాగు” అంటారు బామ్మలు. వేడి మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ వేడి కడుపులో కాదు, గొట్టం చుట్టూ ఉన్న చర్మంలో! మజ్జిగ తాగడం మంచిదే, దాహం తీరుతుంది.

తిండి సంగతి కూడా చూద్దాం. 1969లో అమెరికాలో ఒక ప్రయోగం చేసి చాక్లెట్‌కీ మొటిమలకీ సంబంధం లేదని తేల్చారు. చాలా ఏళ్ళు అదే వేదవాక్కు అయింది. కాని పోలిక కోసం ఇచ్చిన రెండో బిళ్ళలోనూ చక్కెర, కొవ్వు దండిగానే ఉన్నాయని తర్వాత విమర్శలు వచ్చాయి. 2007లో ఆస్ట్రేలియాలో 15 నుంచి 25 ఏళ్ళ వయసున్న 43 మంది కుర్రాళ్ళ మీద 12 వారాలు మరో ప్రయోగం జరిగింది. రక్తంలో చక్కెరని గబుక్కున పెంచని తిండి తిన్నవాళ్ళకి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. కాబట్టి పాపం, ఒక్క మామిడిపండు మీదే నేరం మోపకండి. ఇంటర్వెల్లో తాగే కూల్‌డ్రింకు, టీలో మూడు చెంచాల పంచదార, స్వీటు షాపు పొట్లాలు, వీటన్నిటినీ కలిపి బోనులో నిలబెట్టండి. అయితే తిండి మార్చినంత మాత్రాన అందరికీ మొటిమలు పోవు. అది సహాయ పాత్రే గాని హీరో కాదు.

మూడు రోజుల మాయ

ఇప్పుడు చెప్పబోయేది ఈ వ్యాసానికి గుండెకాయ లాంటిది. దయచేసి దాటేయకండి.

మా పిన్ని కూతురు డిగ్రీ చదువుతోంది. వాళ్ళక్క పెళ్ళికి మూడు వారాలుందనగా బుగ్గల నిండా మొటిమలు లేచాయి. వీధి చివర మందుల షాపుకి వెళ్ళి, “మొహానికి మంచి క్రీము ఇవ్వండన్నా” అంది. ఆయన ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. నాలుగు రోజుల్లో మొహం అద్దంలా అయిపోయింది! ఎరుపు లేదు, వాపు లేదు, పైగా రంగు తేలింది. పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికూతురి కన్నా ఈవిడే మెరిసింది. స్నేహితురాళ్ళు ట్యూబు పేరు రాసుకుని మరీ వెళ్ళారు.

మూడు నెలలు తిరిగాయో లేదో నాకు ఫోన్ చేసింది. “అన్నయ్యా, క్రీము మానేస్తే మొహం భగభగా మండుతోంది. రాస్తే తగ్గుతోంది. ఎండలోకి వెళ్ళలేకపోతున్నాను. మొటిమలు ముందుకంటే ఎక్కువయ్యాయి, బుగ్గల మీద నూగు కూడా వస్తోంది. ఏం చెయ్యమంటావు?” గొంతులో ఏడుపు.

వెళ్ళి ట్యూబు మీద సన్నని అక్షరాలు చదివాను. బీటామెథసోన్. అంటే స్టెరాయిడ్!

కిటుకు ఇక్కడే ఉంది. స్టెరాయిడ్ ఇన్‌ఫ్లమేషన్‌ని ఠక్కున నొక్కేస్తుంది. ఎరుపు, వాపు, నొప్పి మూడు రోజుల్లో మాయం. కాని నూనె అలాగే ఉంది, బిరడా అలాగే ఉంది. అలారం తీగ కోసేసి ఇంట్లో దొంగ లేడనుకున్నట్టు! నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి తేలతాయి, నూగు పెరుగుతుంది, స్టెరాయిడ్ వల్లనే కొత్త మొటిమలు వస్తాయి. మానగానే, అణిగి ఉన్న మంట ఒక్కసారిగా విజృంభిస్తుంది. భయపడి మళ్ళీ రాస్తారు. అదొక విషవలయం. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే, ‘స్టెరాయిడ్ వల్ల పాడైన ముఖం’ అని మన డాక్టర్లే దీనికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు కూడా తెచ్చింది.

మా చెల్లి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్ళింది. కోలుకోవడానికి నెలలు పట్టింది.

అందుకని ట్యూబు కొనే ముందు సన్నని అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్, ఫ్లూఓసినోలోన్... ఈ పేర్లలో ఏది కనిపించినా, మొటిమలకని సొంతంగా మొహానికి రాయవద్దు. ఇప్పటికే వాడుతుంటే కంగారుపడి మీ అంతట మీరు ప్రయోగాలు చెయ్యకండి. చర్మ వైద్యులకి చూపించండి, ఎలా మానాలో వాళ్ళు చెబుతారు. పెద్ద గడ్డలాంటి మొటిమలోకి డాక్టరే కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం వేరే సంగతి. అది చేయి తిరిగిన వాళ్ళ పని.

నిదానమే హీరో

మరి నిజమైన మందులు లేవా? భేషుగ్గా ఉన్నాయి. కాకపోతే సిల్వర్ జూబ్లీ ఆడేవి, తొలి ఆటకే ఈలలు వేయించేవి కావు.

బెంజాయిల్ పెరాక్సైడ్: సూక్ష్మజీవిని చంపుతుంది. ఎన్నాళ్ళు వాడినా సూక్ష్మజీవి దీనికి అలవాటు పడదు. తువ్వాలుకీ, దిండు గలీబుకీ అంటితే రంగు పోతుంది, జాగ్రత్త!

అడాపలీన్, ట్రెటినాయిన్: విటమిన్ ఎ కుటుంబం. బిరడా పడకుండా చూస్తాయి. అడాపలీన్ అయితే ఇందాక చెప్పిన టి.ఎల్.ఆర్-2 అలారం గొంతు కూడా తగ్గిస్తుంది. రాత్రిపూట, మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. మొదట్లో చర్మం పొడిబారి చురచురలాడుతుంది. అందుకే రోజు విడిచి రోజు మొదలుపెట్టి, మాయిశ్చరైజర్ తోడు ఇస్తారు. గర్భిణులు వాడకూడదు.

డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు: వీటిలో ఒక చిత్రముంది. సూక్ష్మజీవిని చంపలేనంత తక్కువ మోతాదులో ఇచ్చినా మొటిమలు తగ్గాయని 2003లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన చూపింది. ఎందుకంటే ఆ మందుకి మంటని చల్లార్చే గుణం విడిగా ఉంది. అసలు విలన్ ఎవరో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా! అయితే యాంటీబయాటిక్‌ని ఒంటరిగా, ఏళ్ళ తరబడి వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయి. అందుకే డాక్టర్లు సాధారణంగా మూడు నాలుగు నెలల్లో ఆపేస్తారు, పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్‌ని జోడిస్తారు.

ఐసోట్రెటినాయిన్: 1982లో అమెరికాలో అనుమతి పొందిన మాత్ర. మచ్చలు పడే మొండి మొటిమలకి దీన్ని మించింది లేదు. నూనె గ్రంథినే కుదించేస్తుంది. కాని కడుపులో బిడ్డకి తీవ్రమైన అవకరాలు తెస్తుంది. కాబట్టి మాత్ర వాడే రోజుల్లోనూ, మానేశాక ఒక నెలపాటూ గర్భం రాకూడదు. రక్తపరీక్షలు, డాక్టరు పర్యవేక్షణ తప్పవు. స్నేహితురాలు మిగిల్చిన మాత్రలు వేసుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

వీటిలో ఏ మందుకైనా 8 నుంచి 12 వారాల గడువివ్వాలి. మూడో వారంలోనే “ఇది నాకు పడలేదు” అని ఇంకో ట్యూబుకి మారేవాళ్ళు ఎప్పటికీ మూడో వారంలోనే ఉండిపోతారు.

గిల్లితే ఏమవుతుంది?

అద్దం ముందు నిలబడి రెండు వేళ్ళతో నొక్కితే చీము పైకి కొంత వస్తుంది, కనిపించకుండా లోపలికి కొంత పగులుతుంది. గొట్టం గోడ చిట్లి సరుకంతా చుట్టూ ఉన్న చర్మంలోకి చిమ్ముతుంది. ఒళ్ళు ఇంకో పెద్ద దండుని పంపిస్తుంది. చిన్న మంట పెద్ద మంటవుతుంది.

మంట చల్లారాక రెండు రకాల గుర్తులు మిగులుతాయి. ఒకటి నల్లని మరక. మన చామనఛాయ చర్మంలో ఇది మరీ ఎక్కువ. ఇన్‌ఫ్లమేషన్ తగలగానే మెలనిన్ కణాలు రంగు ఎక్కువగా పోస్తాయి. ఇది నెలలు పట్టినా నెమ్మదిగా పోతుంది. ఎండ తగిలితే మాత్రం ఇంకా ముదురుతుంది. సన్‌స్క్రీన్ తెల్లతోలు వాళ్ళకే అనుకోకండి. రెండోది గుంట. ఇది దానంతటది పోదు. 2004లో లీడ్స్ పరిశోధకులే ఇంకో సంగతి చూపించారు. మచ్చలు పడే స్వభావమున్న వాళ్ళలో మంట నిదానంగా రాజుకుని ఎక్కువ రోజులు నిలుస్తుంది. అందుకే “వయసు దాటితే అవే పోతాయిలే” అని కూర్చోవడం అందరికీ క్షేమం కాదు. అవి పోవచ్చు, గుంటలు పోవు.

మేకప్ గది ముచ్చట్లు

స్టూడియోల చుట్టూ తిరిగే వాణ్ణి గనక రెండు మాటలు. మేకప్ మొటిమలకి శత్రువేమీ కాదు. అయితే జిడ్డుగా, దట్టంగా ఉండే సరుకు రోమకూపాల్ని మూసేస్తుంది. డబ్బా మీద ‘నాన్‌కొమెడోజెనిక్’ అని ఉన్నదే కొనండి. బ్రష్షులు, స్పాంజీలు ఉతకండి, ఇంకొకరివి వాడకండి. ప్యాకప్ చెప్పగానే, అంటే ఇంటికి రాగానే, మేకప్ తీసేయాలి.

తలనిండా కొబ్బరినూనె పెట్టి నున్నగా దువ్వే అలవాటున్నవాళ్ళు నుదుటి అంచున, కణతల దగ్గర చూసుకోండి. నూనె జారి అక్కడే సన్నని పొక్కులు లేస్తాయి. నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా మొహానికి పనికిరావు, ఉన్న మంటకి ఆజ్యం పోస్తాయి. సున్నిపిండితో గరగరా రుద్దడమూ అంతే. రోజుకి రెండుసార్లు, మెత్తని ఫేస్‌వాష్‌తో, వేళ్ళ కొసలతో కడిగితే చాలును.

ఇక డాక్టరు దగ్గరికి ఎప్పుడు? నొప్పెట్టే పెద్ద గడ్డలు లేస్తున్నప్పుడు. గుంటలు పడుతున్నప్పుడు. అమ్మాయిలకి నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తున్నప్పుడు. మూడు నెలల మందుకి లొంగనప్పుడు. అన్నిటికన్నా ముఖ్యం, మొటిమల వల్ల కాలేజీ ఎగ్గొడుతున్నా, అద్దం చూడాలంటే భయమేస్తున్నా, బతుకే వద్దనిపిస్తున్నా... ఒక్క రోజు కూడా ఆగకండి. ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి. అది మీ బలహీనత కాదు, మీ మురికితనం అంతకన్నా కాదు. మీ ఒళ్ళు మిమ్మల్ని కాపాడబోయి కాస్త అతి చేస్తోంది, అంతే!

తమ్ముళ్ళూ, చెల్లాయిలూ! రేపు ఎవరైనా “మూడు రోజుల్లో మొహం మెరిపిస్తాం” అంటే ట్యూబు తిప్పి వెనకవైపు చదవండి. “మూడు నెలలు పడుతుంది” అన్న డాక్టరుని నమ్మండి. ఈలోగా ఆదివారం మ్యాట్నీకి మాత్రం మొహం దాచుకోకుండా వెళ్ళండి. హాల్లో దీపాలార్పాక అందరూ చూసేది తెరనే!